ఆకు మడిచిన వైపు

నందిగామలో హైదరాబాదు రోడ్డు పక్కనున్న రత్తయ్య హోటలుకి బోర్డు లేదు. గాలి ఎటు వీస్తే అటు వాసన పోతుంది, అదే నా బోర్డు అనేవాడు రత్తయ్య. జనం దానికి నిప్పుల హోటలని పేరు పెట్టారు. ఓ తాటాకు పాక, దాని ముందు ఇటుకలతో కట్టిన పొడుగాటి పొయ్యి, పొయ్యి నిండా తుమ్మ బొగ్గుల నిప్పులు, వాటి మీద వరసగా ఇనప చువ్వలు, చువ్వలకి గుచ్చిన వేటమాంసం ముక్కలు. అంతే హోటలు. కూర, పులుసు, వేపుడు అలాంటివేవీ అక్కడ దొరకవు. కాల్చిన మాంసం, జొన్నరొట్టె, ఉల్లిపాయ, నిమ్మచెక్క. ఇష్టమైతే కూర్చోండి, లేకపోతే బస్సెక్కండి.

యుద్ధం రోజుల్లో రత్తయ్య మిలిటరీలో వంటవాడు. ఎక్కడెక్కడి సిపాయిలకో వండిపెట్టి, వాళ్ళలో కొందరి దగ్గర ఈ కాల్చే విద్య పట్టుకొచ్చాడు. పచ్చి బొప్పాయి, పెరుగు, అల్లం, వెల్లుల్లి, ఉప్పు, కారం పట్టించి మాంసాన్ని తెల్లవార్లూ నానబెట్టేవాడు. ఆ ముక్క నోట్లో పెట్టుకుంటే నమలడానికి పెద్దగా పనుండదు. పళ్ళూడిన ముసలాయన ఒకడు ప్రతి సంతకీ వచ్చి తినిపోయేవాడంటే ఇక చెప్పేదేముంది.

తిండి సంగతి అది. మర్యాద సంగతి మాత్రం అడక్కండి. బస్సు కదిలిపోతోంది తొందరగా పెట్టవయ్యా అన్న కండక్టరుతో, నీ బస్సు టైము నా నిప్పుకి తెలియదన్నాడు. కాస్త గ్రేవీ పొయ్యమన్న ఆఫీసరుతో, గ్రేవీ కావాలంటే బెజవాడ వెళ్ళమన్నాడు. పరిటాల లారీ డ్రైవర్లు మాత్రం ఆయన విసుగుని ఉల్లిపాయతోపాటు నంజుకుని తినేవాళ్ళు. తిట్టినా పెడతాడు, పెట్టినంత బాగా తిడతాడు అని వాళ్ళలో వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఎలా ఉందండీ అని రత్తయ్య ఎవర్నీ అడిగి ఎరగడు. అడిగితే మొహమాటానికి బాగుందంటారు, ఆకుకి మొహమాటం లేదు అనేవాడు. తిన్నవాడు విస్తరిని ఎటు మడిచాడో పొయ్యి దగ్గర్నుంచి ఓరకంట చూసేవాడు. తన వైపుకి మడిస్తే తృప్తిగా తిన్నాడని, మళ్ళీ వస్తాడని లెక్క. అవతలి వైపుకి మడిచేది చావు భోజనాల్లో. ఇలాంటి భోజనం ఈ ఇంట మళ్ళీ రాకూడదని అలా మడుస్తారు. హోటల్లో ఎవడైనా అలా మడిచాడంటే, నీ గడప మళ్ళీ తొక్కనని చెప్పినట్టేనని రత్తయ్య అర్థం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం కాబట్టి, ఇంకో అర్థం ఉండొచ్చని ఆయనతో ఎవరూ వాదించలేదు.

ఆకులు చూడటమే కానీ తీయడం ఆయన పని కాదు. అది శాంతయ్య పని. శాంతయ్య ఆ హోటలు పెట్టిన నాటి నుంచీ మంచినీళ్ళు పోసి, ఆకులెత్తి, బల్లలు తుడిచే మనిషి. నిప్పు ముట్టే చేత్తో ఎంగిలి ముట్టనని రత్తయ్యకో పట్టింపు. ఎంత పెద్ద మనిషి తిని లేచినా, శాంతయ్య బుట్ట పట్టుకుని వచ్చేదాకా ఆ ఆకు అక్కడ ఉండాల్సిందే.

ప్రేమదాసు మేష్టారు, ఆయన భార్య రత్నమణి మొదటిసారి ఆ హోటలుకి వచ్చిన రోజున ఈ ఆకు మీదే పేచీ వచ్చింది. ఇద్దరూ పెనుగంచిప్రోలు దగ్గర ఓ పల్లెలో మిషను బడి పంతుళ్ళు. శనివారం నందిగామ సంతకొచ్చి, వాసన పట్టుకుని పాకలోకి వచ్చారు. తినబోయే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. ముక్కలు చల్లారిపోతున్నాయని రత్తయ్య పొయ్యి దగ్గర నిలబడి గింజుకున్నాడు. తరవాత తృప్తిగా తిన్నారు, తింటూ మెచ్చుకున్నారు కూడా. తీరా లేచేటప్పుడు రత్నమణి విస్తరిని చులాగ్గా అవతలికి మడిచేసింది.

రత్తయ్య చువ్వ చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. అదేంటమ్మా, అలా మడిచారేంటి, అది చావింట్లో మడిచే పద్ధతి కదా అన్నాడు. ఆమె తెల్లబోయింది. మా ఇళ్ళల్లో ఆకు ఎటు మడిచినా ఒకటేనండీ, మాకీ పట్టింపులు తెలియవు అంది. అప్పుడు రత్తయ్య చువ్వతో గాల్లో గీసి చూపిస్తూ, ఏ వైపు మడిస్తే ఏమిటో మొగుడూ పెళ్ళాలిద్దరికీ పాఠం చెప్పాడు. పంతుళ్ళకి పాఠం చెప్పే అవకాశం రోజూ వస్తుందా మరి. రత్నమణి నవ్వి, మడిచిన ఆకుని విప్పి, మళ్ళీ తన వైపుకి మడిచింది. మీ ఇంటికొచ్చినప్పుడు మీ పద్ధతే అండి అంది.

అది మొదలు ప్రతి శనివారం వాళ్ళిద్దరూ వచ్చేవాళ్ళు. కిటికీ పక్క బల్ల వాళ్ళది. రత్నమణికి అంచులు మాడిన ముక్కలంటే ఇష్టం. రత్తయ్య ఆమె కోసం ఒక చువ్వని పొయ్యి చివర ఎక్కువసేపు ఉంచేవాడు. ఆమె మొదటి ముక్క తిని, తల పైకెత్తి, "ఉప్పు తక్కువైందండీ రత్తయ్యగారూ" అనేది. ఇంకెవరైనా ఆ మాట అంటే ఆకు ముందు నుంచి లేపేసేవాడే. ఆమె అంటే మాత్రం గొణుక్కుంటూ ఉప్పుగిన్నె తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. ఆమె చిటికెడు చల్లుకునేది. పోయేటప్పుడు ఇద్దరూ, బళ్ళో పిల్లలు పలకలు చూపించినట్టు రత్తయ్య వైపు చూసి, ఆకులు తమ వైపుకి మడిచి, నవ్వి వెళ్ళేవాళ్ళు. ఆ నవ్వు కోసం రత్తయ్య శనివారం ఎదురుచూసేవాడని శాంతయ్యకి తెలుసు. రత్తయ్యని అడిగితే కాదనేవాడు.

అలా కొన్నేళ్ళు సాగాక, జగ్గయ్యపేటలో హోటలు నడిపిన బాలస్వామి నందిగామ వచ్చి, సరిగ్గా రత్తయ్యకి ఎదురుగా రోడ్డవతల కొత్త హోటలు తెరిచాడు. పెంకుటిల్లు, కుర్చీలు, అద్దాలు పరిచిన బల్లలు, గోడ మీద రేడియో, పింగాణీ పళ్ళాలు. పైగా కాల్చిన మాంసం కూడా పెట్టాడు. అది బొగ్గుల మీద కాల్చిందో పెనం మీద మాడ్చిందో ఆ భగవంతుడికే తెలియాలి. కానీ బాలస్వామి గుమ్మంలో నిలబడి దండం పెట్టి పిలిచేవాడు, ఇంకేం కావాలండీ అని బల్ల బల్లకీ తిరిగి అడిగేవాడు. మర్యాదకి మొహం వాచిన జనం మెల్లగా రోడ్డు దాటసాగారు. ముందు ఆఫీసర్లు, తరవాత మిరపకాయల వ్యాపారులు, ఆఖరికి కొందరు లారీ డ్రైవర్లు కూడా.

రత్తయ్యకి అసలే కోపం ముక్కు మీద ఉండేది, ఇప్పుడది నెత్తికెక్కింది. పొయ్యి దగ్గర నిలబడి కాలుతున్న మాంసం వంక తక్కువ, ఎదుటి గుమ్మం వంక ఎక్కువ చూసేవాడు. లోపల ఆకు అవతలికి మడిచినవాడి మొహం గుర్తుపెట్టుకుని, వాడు మర్నాడు రోడ్డవతల కనిపిస్తాడా అని కాచుకునేవాడు. ఇలాగే ఇంకో ఆర్నెల్లు గడిస్తే పొయ్యి ఆర్పుకోవడమేనని శాంతయ్య దగ్గర ఒకసారి పైకే అన్నాడు. ఆయనకి ఇల్లన్నా పొలమన్నా ఆ పొయ్యే.

ఆ రోజుల్లోనే ప్రేమదాసు ఒక శనివారం ఒక్కడే వచ్చాడు. రత్నమణికి ఒంట్లో బాగా లేదని, మైలవరంలో పుట్టింటికి పంపానని శాంతయ్యతో చెప్పాడు. రత్తయ్య ఆ మాట విన్నాడు. మాడిన ముక్కలు ఏరి ఆకులో పొట్లం కట్టించి, ఆమెకి పంపమని ఇప్పించాడు. జబ్బేమిటని మాత్రం అడగలేదు. అడిగే అలవాటు లేదు కదా. ఆ తరవాత చాలా శనివారాలు మేష్టారు రాలేదు. ఈయన కూడా రోడ్డు దాటేశాడేమోనన్న అనుమానం రత్తయ్య మనసులో పురుగై తొలచడం మొదలెట్టింది.

మేష్టారు మళ్ళీ వచ్చిన రోజు సంత రోజే అయినా పాకలో సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఎదురుగా రేడియో మోగుతోంది, కుర్చీలు నిండాయి. ప్రేమదాసు వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడు. శాంతయ్య అలవాటు కొద్దీ రెండు ఆకులు వేశాడు. మేష్టారు రెండో ఆకు తీసెయ్యమనలేదు. కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు. తరవాత ఒక్కో ముక్కే తీసుకుని, గొంతు దిగక నీళ్ళు తాగుతూ తిన్నాడు. రత్తయ్యకి కనపడింది మాత్రం ముక్కలు ఆకులో మిగిలిపోవడం.

తినడం అయ్యాక ప్రేమదాసు తలెత్తి పొయ్యి వైపు చూశాడు. రత్తయ్య కూడా ఆయన్నే చూస్తున్నాడు. మేష్టారు ఆకు అంచు పట్టుకుని, నిదానంగా, అవతలి వైపుకి మడిచాడు. మడిచి, దాని మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చున్నాడు.

రత్తయ్య ఒళ్ళు భగ్గుమంది. ఎవరు మడిచినా ఓర్చుకునేవాడేమో, ఈ మనిషి మడిచాడు. ఏ వైపుకి ఏ అర్థమో తన దగ్గరే నేర్చుకున్న మనిషి, తెలిసి తెలిసి, కళ్ళలోకి చూస్తూ మడిచాడు. పుండు మీద కారం చల్లినట్టయింది. బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"మేష్టారూ, నా తిండి నచ్చకపోతే నోటితో చెప్పండి. లేదా ఎదురుగా కుర్చీలున్నాయి, పోయి అక్కడ తినండి. ఇలా అవమానం చెయ్యడానికి నా పాకే దొరికిందా మీకు" అన్నాడు. పాకలో ఉన్నవాళ్ళంతా తినడం ఆపి చూశారు.

ప్రేమదాసు లేచి, చెయ్యి కడుక్కుని, కండువాతో మొహం తుడుచుకుని రోడ్డెక్కాడు. బల్ల మీద మడిచిన ఆకు, దాని పక్కన ఎవరూ తినని ఆకు మిగిలాయి. శాంతయ్య రెండూ ఎత్తి బుట్టలో వేశాడు. పెద్దమనిషినని తిరుగుతాడు కానీ పెట్టిన చేతిని మర్చిపోయాడని రత్తయ్య ఆ పూటంతా పళ్ళు నూరుతూనే ఉన్నాడు.

తరవాతి సంతకి ఆరోగ్యమ్మ మిరపకాయల బస్తాతో వచ్చింది. ఆమెది మేష్టారి ఊరే. పొలం పనులు చేసుకుంటూ, మిరపకాయలు తెచ్చి రత్తయ్యకే అమ్మేది. బస్తా దింపుతూ మాటల్లో అడిగింది.

"మేష్టారుగారు మీకాడికొచ్చారంటగా. పాపం, ఆయమ్మ పోయినకాడ్నించీ ఇంట్లో పొయ్యెలిగిచ్చలా. మేమే ఇంత కూడు తీసకెళ్ళి పెడతన్నాం. ఆవేళ మాత్రం, రత్తయ్యగారికి చెప్పి రావాలమ్మా, ఆయన ఆవిడకి ముక్కలు కట్టిచ్చి పంపారు, అని తనే బస్సెక్కారు. చెప్పారాండి?"

రత్తయ్య చేతిలో చువ్వ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకునే నిలబడ్డాడు. ఎప్పుడు పోయిందని అడిగాడు. కడుపులో పుండట, మైలవరంలోనే పోయిందట, సమాధి కూడా అక్కడే చేశారట. ఆ పని, పోయినవాళ్ళ పేరున చేసే ఆదరణ కూడిక అన్నీ ముగించుకుని మేష్టారు ఊరొచ్చిన వారంలోనే ఇక్కడికి వచ్చారట.

"చెప్పారమ్మా" అన్నాడు రత్తయ్య. "ఆయన చెప్పారు. నాకే వినపళ్ళేదు."

ఆరోగ్యమ్మకి ఆ మాట అర్థం కాలేదు. శాంతయ్యకి అర్థమై బుట్ట పక్కన పెట్టి కూర్చుండిపోయాడు. తమ ఇళ్ళల్లో లేని పద్ధతిని, రత్తయ్యకి తెలిసిన భాషని, ఆ మనిషి గొంతు పెగలనప్పుడు వాడుకున్నాడు. నోటితో చెప్పలేనిది ఆకుతో చెప్పాడు. రత్తయ్యేమో అందులో తను కాల్చిన మాంసం రుచి వెతుక్కున్నాడు. ఆయనకి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా, ఆ పొయ్యి చివర ఇంక చువ్వ పెట్టి ఎదురుచూడక్కర్లేదన్న సంగతి అప్పుడు తగిలి, పొగ వంక పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

మళ్ళీ శనివారం కోసం చూశాడు. మేష్టారు వస్తాడని, రాగానే కాళ్ళ మీద పడైనా సరే క్షమించమని అడగాలని అనుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మేష్టారు బస్సు దిగాడు. పాక వంక చూడకుండా, తల వంచుకుని రోడ్డు దాటి బాలస్వామి హోటల్లోకి వెళ్ళాడు. వెళ్ళమన్నది ఎవరు మరి?

రత్తయ్య పొయ్యి దగ్గర నిలబడి చూశాడు. బాలస్వామి దండం పెట్టడం, మేష్టారు కిటికీ పక్క కుర్చీలో కూర్చోవడం కనిపించింది. ఆ హోటలు తెరిచిన నాటి నుంచి రత్తయ్య ఆ గడప తొక్కలేదు. తొక్కితే తన పొయ్యి తనే ఆర్పుకున్నట్టని ఊరందరి ముందూ అన్న మనిషి. ఈ రోజు తొక్కితే ఊరేమంటుందో ఆయనకి తెలుసు. రత్తయ్యే బాలస్వామి హోటల్లో తిన్నాడంటే ఇక మనకేం పట్టింది అని మిగిలిన నలుగురూ కూడా పోతారు. కాసేపు నిప్పులు విసురుతూ నిలబడ్డాడు. తరవాత విసనకర్ర శాంతయ్య చేతిలో పెట్టి, తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని, రోడ్డు దాటాడు.

గుమ్మంలో బాలస్వామి దండం పెట్టబోయి, మనిషిని గుర్తుపట్టి, చేతులు అలాగే గాల్లో ఉంచేశాడు. లోపల మాటలు ఆగిపోయాయి. రేడియో ఒక్కటే మోగుతోంది. రత్తయ్య వెళ్ళి ప్రేమదాసుకి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ కొత్త, కిర్రుమంది.

ముందు ప్రేమదాసే అన్నాడు. "ఇక్కడ పింగాణీ పళ్ళాలండీ. ఎటూ మడవక్కర్లేదు. అందుకని వచ్చా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పాడు. నిష్ఠూరం ఉన్నా బాగుండేదనిపించింది రత్తయ్యకి.

"ఆవేళ నేను ఆకు చూశానండీ మేష్టారూ. మీ మొహం చూళ్ళేదు" అన్నాడు. "పదిమందిలో అన్న మాట. పదిమందిలోనే అడుగుతున్నా, నన్ను క్షమించండి."

ప్రేమదాసు పళ్ళెంలో ముక్కని వేలితో అటూ ఇటూ జరిపాడు. ఆవేళ బస్సులో ఎలా చెప్పాలా అని దారంతా అనుకుంటూనే వచ్చానని, పాకలోకి వచ్చి రెండో ఆకు చూశాక నోరు రాలేదని చెప్పాడు. మైలవరం పంపిన పొట్లంలోంచి రత్నమణి ఒక్క ముక్క తినగలిగిందట. తిని, ఉప్పు తక్కువైందందట. రత్తయ్య తలగుడ్డ కొసతో ముక్కు తుడుచుకున్నాడు. బాలస్వామి ఈలోగా తేరుకుని, మర్యాద మర్చిపోని మనిషి కాబట్టి, ఇంకేం కావాలండీ అంటూ వచ్చాడు. ఇద్దరికీ మంచినీళ్ళు ఇవ్వమన్నాడు రత్తయ్య.

ఆ కబురు ఊళ్ళో రకరకాలుగా తిరిగింది. రత్తయ్య లొంగిపోయాడన్నవాళ్ళున్నారు, హోటలు అమ్ముతాడన్నవాళ్ళున్నారు. అనేవాళ్ళకి నోళ్ళు మూయించడం ఎవరి తరం. రత్తయ్య కూడా పట్టించుకోలేదు.

తరవాతి శనివారం ప్రేమదాసు పాకలోకి వచ్చాడు. శాంతయ్య ఆకులు చేత్తో పట్టుకుని, ఎన్ని వెయ్యాలో తెలియక రత్తయ్య వంక చూశాడు. రత్తయ్య వచ్చి ఒకే ఆకు తీసుకుని, నీళ్ళు చల్లి తుడిచి, తనే వేశాడు. పొయ్యి చివరి నుంచి మాడిన ముక్కల చువ్వ తెచ్చి ఆకులోకి లాగాడు. మేష్టారు ప్రార్థన చేసుకుంటున్నంతసేపూ బల్ల పక్కనే నిలబడ్డాడు. ముక్కలు చల్లారుతున్నాయని గింజుకోలేదు.

మొదటి ముక్క తినేదాకా ఆగి, జన్మలో ఎవర్నీ అడగని మాట అడిగాడు.

"ఎలా ఉందండీ?"

ప్రేమదాసు నమిలి మింగి, "ఉప్పు తక్కువైందండీ రత్తయ్యగారూ" అన్నాడు.

ఉప్పు ఆ రోజు సరిగ్గానే ఉంది. రత్తయ్య వెళ్ళి ఉప్పుగిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. మేష్టారు చిటికెడు తీసుకుని చల్లుకున్నాడు. ఆకులో ముక్క మిగలకుండా తిన్నాడు.

తినడం అయ్యాక ఆయన చెయ్యి ఆకు అంచు మీదకి వెళ్ళి ఆగింది. ఎటు మడవాలో తెలియక ఆగిన చెయ్యి అది. శాంతయ్య బుట్టతో రాబోతుంటే రత్తయ్య వద్దని సైగ చేశాడు.

"మడవకండి మేష్టారూ. నేను తీస్తా" అన్నాడు.

రెండు చేతులతో ఆ విస్తరిని, పరిచింది పరిచినట్టే, ఎముకలూ నిమ్మచెక్కా జారిపోకుండా ఎత్తాడు. బల్లల మధ్య నుంచి జాగ్రత్తగా నడిచి పాక వెనక్కి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి చేతులు కడుక్కుని, పొయ్యి దగ్గర నిలబడి, తరవాతి చువ్వ తిప్పాడు.